శాలిబండ మిద్దె మీద అడవి ఐరిస్: పువ్వును కాదు, కొమ్మును చూసి ఎంచుకోండి

పైన ఉన్న వీడియో పాతబస్తీలో, శాలిబండలో తీసింది. చార్మినార్ నుంచి ఫలక్‌నుమా వైపు పోయే రోడ్డు మీద పాత గడియారం బురుజు ఉంది కదా, ఆ చుట్టుపక్కల మేం కూరగాయలు ఇచ్చే ఇళ్లు కొన్ని ఉన్నాయి. అందులో ఒక ఇంటి మిద్దె మీద కుండీలో కత్తుల్లాంటి ఆకులు విసనకర్రలాగా పరుచుకొని, మధ్యలో నారింజ రంగు పువ్వు, దాని మీద ఎర్రటి చుక్కలు వీడియోలో కనిపిస్తాయి. చూసినవాళ్లు లిల్లీ అంటారు, కొందరు ఆర్కిడ్ అంటారు. అది ఐరిస్.

వీడియో పది నిమిషాలే కాబట్టి అన్నీ చెప్పడం కుదరలేదు. ఐరిస్ మన ఎండలకు ఎందుకు చచ్చిపోతుంది, ఏ రకాలు తట్టుకుంటాయి, ప్రకృతి పద్ధతిలో ఎలా పెంచాలి, ఎకరంలో వేసి డబ్బు చేసుకోవచ్చా, దానికి బదులు మనదైన మొక్క ఏదైనా ఉందా అనే విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గడ్డలు, విత్తనాలు కొనేముందు ఒక్కసారి చివరిదాకా చదవండి.

ఐరిస్ మనకు కొత్తది కాదు, మొక్కే కొత్త

ఐరిస్ జాతిలో దాదాపు 300 రకాలున్నాయి. అడవిలో పుట్టి పెరిగేవన్నీ భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలవే. మన దేశంలో అయితే కాశ్మీర్ నుంచి ఈశాన్యం దాకా హిమాలయాల్లో ఉంటాయి. మన దక్కన్ పీఠభూమి వీటి సొంత ఊరు కాదు. అందుకే దీనికి ఊళ్లో వాడుకలో ఉన్న తెలుగు పేరు వినపడదు. ఉర్దూలో మాత్రం సోసన్ అనే పేరుంది.

మొక్క రాలేదు గానీ దాని కొమ్ము, దాని బొమ్మ పాతబస్తీకి ఎప్పుడో వచ్చాయి. యునానీ మందులు అమ్మే పన్సారీ దుకాణంలో "ఇర్సా ఉందా భాయ్?" అని అడిగి చూడండి. ఎండిన, తెల్లటి, గట్టి ముక్కలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. అది ఐరిస్ కొమ్మే. దాన్నే బేఖ్-ఎ-సోసన్ అని కూడా అంటారు, అంటే సోసన్ వేరు అని. యునానీ హకీంలు కఫం, దగ్గు మందుల్లో వాడతారు. చార్మినార్ దగ్గరే నిజామియా టిబ్బీ కాలేజీ ఉంది కాబట్టి ఈ సరుకు పేరు తెలిసినవాళ్లు అక్కడ చాలామంది దొరుకుతారు.

బొమ్మ విషయానికి వస్తే, 17వ శతాబ్దంలో బీదర్‌లో చేసిన బిద్రీ హుక్కాల మీద నల్లటి లోహంలో వెండితో ఐరిస్ మొక్కలు పొదిగినవి ఉన్నాయి. తాజ్‌మహల్ గోడల మీద చెక్కిన పూలలోనూ ఐరిస్ కనిపిస్తుంది. అంటే మన కళాకారులకు ఆకారం తెలుసు, హకీంలకు గుణం తెలుసు. మన మట్టికి మాత్రం ఆ మొక్క తెలియదు.

ఐరిస్ కుటుంబంలో మనకు బాగా తెలిసినవి రెండున్నాయి. ఒకటి బిర్యానీలో వేసే కుంకుమపువ్వు. రెండోది పెళ్లి స్టేజీలకు వాడే గ్లాడియోలస్. డిప్లొమా చదివేటప్పుడు పూలసాగులో గ్లాడియోలస్ పాఠం అందరం చదివాం. ఆ గడ్డను తవ్వి, ఆరబెట్టి, చల్లగా దాచి, మళ్లీ నాటాలని చెప్పేవాళ్లు. ఆ పాఠంలో ఉన్న అసలు విషయమే ఐరిస్‌కూ వర్తిస్తుంది. గడ్డకు ఒక నిద్ర కాలం ఉంటుంది. ఆ నిద్ర ఎప్పుడు, ఎలాంటి వాతావరణంలో అన్నది తెలిస్తే మొక్క తెలిసినట్టే.

కొమ్ముకు ఒక పంచాంగం ఉంటుంది

మన పసుపును చూడండి. ఎండాకాలం కొమ్ము నిద్రలో ఉంటుంది. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడగానే మొలుస్తుంది. వానాకాలమంతా పెరిగి, చలికాలం చివరికి ఆకు ఎండి, మళ్లీ నిద్రపోతుంది. మన అడవుల్లో కంచెల మీద పాకే నాభి, అదే అగ్నిశిఖ అంటాం, దాని దుంపదీ ఇదే లెక్క. వానకు లేస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో పూస్తుంది, తర్వాత నేలలోకి ముడుచుకుంటుంది. ఇవి మన కార్తెలతో కలిసి బతికే మొక్కలు.

ఇప్పుడు ఫొటోల్లో కనిపించే ఐరిస్‌ను చూడండి. కింది రేకుల మీద గడ్డంలాగా నూగు ఉంటుంది, అందుకే దాన్ని బియర్డెడ్ ఐరిస్ అంటారు. ఇది మధ్యధరా ప్రాంతపు వాతావరణానికి అలవాటైన మొక్క. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పూర్తిగా పొడిగా ఉంటుంది. కాబట్టి దాని కొమ్ము చలిలో గట్టిపడి, వసంతంలో పూసి, ఎండాకాలం పొడి నేలలో విశ్రాంతి తీసుకుంటుంది.

దాన్ని తెచ్చి మన దగ్గర పెడితే ఏమవుతుంది? మొదటి సమస్య చలి. మొగ్గ కట్టడానికి దానికి కొన్ని వారాల గట్టి చలి కావాలి. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి గానీ ఆ చలి దీనికి చాలదు. అందుకే ఆకులు పచ్చగా ఉంటాయి, పువ్వు రాదు. రెండో సమస్య వాన. సరిగ్గా అది పొడిగా పడుకోవాల్సిన నెలల్లో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మనకు వానలు. వెచ్చటి నేల, తడి, నిద్రలో ఉన్న కొమ్ము కలిస్తే మెత్తకుళ్ళు ఖాయం. పసుపు, అల్లం వేసేవాళ్లకు దుంపకుళ్ళు అంటే ఏంటో చెప్పాల్సిన పని లేదు. ఐరిస్‌లో ఇది ఎక్కువగా బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కొమ్ము లోపల పేస్టులాగా అయిపోయి దుర్వాసన కొడుతుంది.

కాబట్టి ఎండ ఒక్కటే శత్రువు అనుకోవద్దు. ఎండా, వానా ఒకదాని వెంట ఒకటి వచ్చే వరసే దానికి పడదు. ఏ ఐరిస్ కొనాలన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: వానాకాలంలో ఈ కొమ్ము ఏం చేస్తుంది? తాగుతుందా, పడుకుంటుందా? తాగేదైతే మన దగ్గర బతుకుతుంది. పడుకునేదైతే చూరు కింద కుండీలో తప్ప బతకదు.

చలికాలంలో ఆన్‌లైన్‌లో తులిప్ గడ్డలతో పాటు డచ్ ఐరిస్ గడ్డలు కూడా అమ్ముతుంటారు. వాటికి ముందే చల్లదనం పెట్టి పంపిస్తే ఒక్కసారి పూస్తాయి. మరుసటి ఏడాది మన నేలలో మళ్లీ పూస్తాయని ఆశ పెట్టుకోవద్దు. ఒక సీజన్ పువ్వు కోసమే కొంటున్నాం అని తెలిసి కొంటే బాధ ఉండదు.

ఎకరంలో ఇర్సా వేయొచ్చా?

ఈ ప్రశ్న ఈ మధ్య నన్ను ఫోన్‌లో అడుగుతున్నారు. ఐరిస్ కొమ్ము నుంచి ఖరీదైన అత్తరు తీస్తారని, గడ్డలు మేమే ఇస్తాం, పంట మేమే కొంటామని ఎవరో చెబుతున్నారట. అత్తరు మాట నిజమే. ఇటలీలో ఫ్లోరెన్స్ చుట్టుపక్కల కొండల మీద ఇందుకోసమే ఐరిస్ సాగు చేస్తారు. అయితే ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోండి.

మొక్క రెండు మూడేళ్లు నేలలో ఉండాలి. తర్వాత కొమ్ములు తవ్వి, ఒక్కొక్కటి చేత్తో పొట్టు తీసి, ముక్కలు కోసి ఎండబెట్టాలి. అప్పటికీ వాసన ఉండదు. ఎండిన ముక్కలు మరో మూడేళ్ల దాకా నిల్వ ఉంటేనే లోపల మెల్లగా మార్పు జరిగి ఐరోన్ అనే వాసన పదార్థం తయారవుతుంది. అంటే నాటిన రోజు నుంచి సరుకు చేతికి రావడానికి ఐదారేళ్లు. ఆ పొలాలు పొడి ఎండాకాలం ఉన్న, నీళ్లు నిలవని కొండ నేలలు.

మన నల్లరేగడిలో గానీ, మధ్యలో నాలుగు నెలలు తడిసే ఎర్ర నేలలో గానీ ఆ కొమ్ము మూడు వానాకాలాలు దాటి నిలబడటం చాలా కష్టం. దుకాణంలో అమ్మే ఇర్సా కూడా మన జిల్లాల్లో పండింది కాదు. అందుకని ఎకరంలో ఇర్సా వేయొద్దని నా సలహా. ఎవరైనా ఒప్పందం తీసుకొస్తే మూడు విషయాలు అడగండి: మన జిల్లాలో మూడో ఏడాది తోట ఒక్కటి చూపించండి, ఎండిన సరుకు కొన్న రశీదు చూపించండి, గడ్డలకు ముందు డబ్బు ఎందుకు కట్టాలో చెప్పండి. ఈ మూడింటికి జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

వేడి దేశంలో పుట్టిన అడవి ఐరిస్‌లు

అట్లని ఐరిస్‌లన్నీ చలి మొక్కలే అనుకోవద్దు. అమెరికా దక్షిణాన లూసియానా అనే రాష్ట్రముంది. వేడి, ఉక్క, విపరీతమైన వానలు, ఎక్కడ చూసినా బురద మడుగులు. ఆ మడుగుల్లోనే అయిదు రకాల అడవి ఐరిస్‌లు పుట్టాయి. వాటిని కలిపి లూసియానా ఐరిస్‌లు అంటారు. వీటికి గడ్డం ఉండదు. ఒకటి రాగి ఎరుపు రంగుది, దాని పేరు ఫుల్వా. మరొకటి మనిషి ఎత్తు దాకా పెరిగే నీలం రంగుది, దాని పేరు జైగాంటిసెరూలియా. 1990లో ఆ రాష్ట్రం దీన్నే తమ రాష్ట్ర అడవిపువ్వుగా ప్రకటించుకుంది.

వీటి కథ మన చెరువుల కథలాగే ఉంటుంది. 1920ల్లో న్యూయార్క్ వృక్షోద్యానానికి చెందిన జాన్ స్మాల్ అనే శాస్త్రవేత్త న్యూ ఆర్లీన్స్ చుట్టూ ఉన్న మడుగుల్లో ఎకరాల కొద్దీ ఈ పూలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ నగరం పెరిగే కొద్దీ మడుగులను ఎండగట్టి ఇళ్లు కట్టారు. ఇష్టమున్నవాళ్లు వాటిని తమ పెరళ్లలోకి తెచ్చుకున్నారు, 1941లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. నెల్సొనై అనే రకమైతే అబెవిల్ అనే ఊరి దగ్గర మడుగుల్లో తప్ప అడవిలో ఇంకెక్కడా లేదు. ఒక్క మడుగు పోతే ఒక జాతే పోతుంది.

ఈ కొమ్ము వానాకాలంలో కుళ్లదు, నీళ్లు తాగుతుంది. చలి కోరిక కూడా బియర్డెడ్ రకాలంత ఉండదు. ఫ్లోరిడాలో, ఆస్ట్రేలియా వేడి ప్రాంతాల్లో కూడా పెంచుతున్నారు. మన దగ్గర ప్రయత్నించదగ్గ వాటిలో ఇది ఒకటి. ఒక్క చిక్కు ఏంటంటే, దీనికి కొంచెం పులుపు గుణమున్న నేల ఇష్టం. హైదరాబాద్ బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లు, సున్నం ఎక్కువ. అవే పోస్తూ ఉంటే ఆకులు పసుపు పచ్చగా పాలిపోతాయి. వాన నీళ్లు పట్టి పోసుకుంటే మంచిది.

శాలిబండ పాత ఇళ్లలో మధ్యన అంగణం, అందులో హౌజు ఉండేవి. ఇప్పుడు అవి చాలావరకు పోయినాయి. అందుకని ఒక పెద్ద గోలెం గానీ, పగిలిన సింటెక్స్ ట్యాంకును సగానికి కోసింది గానీ తీసుకోండి. అడుగున రంధ్రం వద్దు. రెండు పాళ్లు చెరువు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఆకుల ఎరువు కలిపి నింపండి. అంచు నుంచి జానెడు కిందికి ఒక చిన్న రంధ్రం పెడితే వానలో నీళ్లు పొంగి పోకుండా ఉంటుంది. మట్టి ఎప్పుడూ బురదగా ఉండాలి, పైన నీళ్లు నిలబడాల్సిన పని లేదు. నీళ్లు నిలిస్తే దోమలొస్తాయి, ఇరుకు గల్లీల్లో డెంగీ ఎట్లుంటదో అందరికీ తెలుసు. నీళ్లు నిలిపేటట్టయితే గప్పీ చేపలు వదలండి.

ఇది ఆకలి ఎక్కువున్న మొక్క. ఒక లీటరు జీవామృతానికి పది లీటర్ల నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోయండి. కొమ్ము ఎండకు ఎండిపోకుండా వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ రెండు అంగుళాల మందం కప్పండి. మధ్యాహ్నం ఎండ తగలని తూర్పు వైపు పెట్టాలి. నాటడానికి స్వాతి, విశాఖ కార్తెలు, అంటే అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా మంచి అదను.

వీడియోలో చూసిన చుక్కల ఐరిస్

ఇప్పుడు అసలు మొక్క సంగతికి వస్తాను. దీని పాత పేరు బెలంకాండా చైనెన్సిస్. చిరుతపులి మచ్చల్లాంటి చుక్కలుండటం వల్ల లెపర్డ్ లిల్లీ అనీ, కాయ పగిలినప్పుడు లోపలి నల్లటి గింజలు పండులాగా కనిపించడం వల్ల బ్లాక్‌బెర్రీ లిల్లీ అనీ పిలుస్తారు. 1753లో లిన్నేయస్ దీన్ని ఆర్కిడ్ల లెక్కలో వేశాడు. చివరికి 2005లో ఇది ఐరిస్ జాతిదేనని తేల్చి ఐరిస్ డొమెస్టికా అని పేరు పెట్టారు. కాబట్టి మన మిద్దె మీద చూసి ఆర్కిడ్ అన్నవాళ్లను తప్పు పట్టేది లేదు.

ఇది హిమాలయాల నుంచి చైనా, జపాన్ దాకా అడవిలో పెరుగుతుంది. అంటే మన దేశపు అడవి మొక్కల్లో ఒకటి, వానాకాలం అలవాటున్నది. వేసవి వానల్లోనే పెరగడం, పూయడం దీని పద్ధతి. మన కార్తెలకు సరిపోయే ఐరిస్ ఇదే. మిద్దెతోటలో మొట్టమొదట ఐరిస్ పెట్టాలనుకునేవాళ్లు దీనితోనే మొదలు పెట్టండి.

విత్తనం: తాజా గింజ మంచిది. ఒక రోజు నీళ్లలో నానబెట్టి, పైన మెత్తటి పొర ఉంటే చేత్తో రుద్ది తీసేయండి. బీజామృతంలో ముంచి నీడన ఆరబెట్టి, అర అంగుళం లోతులో విత్తండి. మొలకకు కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి మట్టి తవ్వి చూడొద్దు. విత్తనం నుంచి పెంచితే సాధారణంగా రెండో ఏడు పూస్తుంది.

పిలకలు: పాత గుంపును మృగశిర కార్తెలో తవ్వి, ఒక్కో ముక్కకు ఒక ఆకుల గుత్తి, కొంచెం వేరు ఉండేలా విడదీయండి. కోసిన చోట బూడిద అద్ది ఒక పూట నీడన ఆరనివ్వండి.

మట్టి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఘనజీవామృతం లేదా వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. తడి కావాలి గానీ నీళ్లు నిలవకూడదు. మనం వాఫస అంటాం కదా, గాలీ తేమా కలిసి ఉండే స్థితి, అది దీనికి సరిగ్గా సరిపోతుంది.

దూరం: నేలలో అయితే మొక్కకూ మొక్కకూ అడుగు. కుండీలో అయితే పన్నెండు అంగుళాల కుండీకి ఒకటి రెండు చాలు. మొక్క రెండు నుంచి మూడు అడుగులు పెరుగుతుంది.

ఎండ: ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా మంచి ఎండ కావాలి. మే నెలలో కాంక్రీటు మిద్దె కింది నుంచి కూడా కాలుతుంది. అందుకని కుండీలను ఇటుకల మీద పెట్టండి, రోహిణి కార్తె దాటేదాకా సాయంత్రం ఎండకు పచ్చ నెట్ గానీ, సొర, బీర పందిరి నీడ గానీ ఉంటే ఆకుల కొనలు మాడవు.

ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. సాయంత్రానికి బట్ట పిండినట్టు మెలితిరిగి వాలిపోతుంది. అయితే ఒక కాడకు చాలా మొగ్గలుంటాయి కాబట్టి వారాల తరబడి రోజూ పూస్తూనే ఉంటుంది. పూల కాడలు కోయకుండా వదిలితే కాయ పగిలి నల్లటి గింజల గుత్తి వస్తుంది. ఆ ఎండు కాడలను పూల అలంకరణలో పెడతారు. నర్సరీ నడిపేవాళ్లకు పిలకలు, గింజలు, ఎండు కాడలు మూడూ అమ్మకానికి పనికొస్తాయి. ఇది ఎకరాల పంట కాదు గానీ మిద్దెతోట కస్టమర్లున్న రైతుకు పక్క ఆదాయం అవుతుంది.

తెల్ల ఐరిస్ కావాలనుకునేవాళ్లకు

మరో రకం చెప్పకపోతే పాతబస్తీ గురించి రాసినట్టు కాదు. ఆల్బికాన్స్ అనే తెల్ల ఐరిస్ అరేబియాది, యెమెన్, సౌదీ కొండ ప్రాంతాల్లో పుట్టింది. ముస్లిం సమాజాలు సమాధుల మీద నాటుకుంటూ దాన్ని చాలా దేశాలకు తీసుకెళ్లాయి. గింజ కట్టదు, మనిషి కొమ్ము విరిచి నాటితేనే ఊరు మారుతుంది. కాశ్మీర్‌లో కూడా సమాధుల మీద ఐరిస్ నాటే ఆచారం ఉంది. శాలిబండకు దక్షిణాన ఉన్న బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మనుషులు వచ్చిన దారి ఈ పువ్వు పుట్టింటి దారే.

ఇది పొడి నేల మొక్క. పెంచాలనుకుంటే చూరు కింద, వాన జల్లు తగలని చోట కుండీలో పెట్టాలి. సగం ఇసుక, సున్నం రాళ్ల ముక్కలు కలిసిన మట్టి వాడాలి. కొమ్మును పూర్తిగా పూడ్చొద్దు, చెరువులో పడుకున్న బర్రె వీపు పైకి కనిపించినట్టు సగం బయటికి ఉండాలి. స్వాతి కార్తెలో నాటి, చలికాలమంతా మితంగా నీళ్లు పోసి, మే నుంచి దాదాపు ఆపేయాలి. దీని మీద మల్చింగ్ వద్దు. మన ప్రకృతి సాగులో కప్పడం అలవాటు కాబట్టి చేయి ఊరుకోదు, కానీ కప్పితే కొమ్ము కుళ్లుతుంది. మెత్తకుళ్ళు కనిపిస్తే గట్టి భాగం దాకా కోసేసి, కత్తి ప్రతిసారీ కాల్చి, ఎండలో ఒక రోజు ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టండి. పువ్వు ప్రతి ఏడాదీ వస్తుందని హామీ లేదు, ఆకుల అందం మాత్రం ఉంటుంది.

నర్సరీలో ఐరిస్ అని ఇచ్చేవి

రోడ్డు మధ్య డివైడర్లలో, ఆఫీసుల ముందు తెల్లటి పువ్వులతో గట్టి ఆకుల గుబుర్లు చూసి ఉంటారు. నర్సరీవాళ్లు వాటిని ఐరిస్ అనే ఇస్తారు. అది ఆఫ్రికాకు చెందిన డైటీస్. మరొకటి పూల కాడ చివర పిల్ల మొక్క పుట్టి, వంగి నేలను తాకి అక్కడ నాటుకుంటుంది. దాన్ని నడిచే ఐరిస్ అంటారు, అది బ్రెజిల్‌ది, పేరు నియోమారికా. రెండూ ఐరిస్ కుటుంబమే గానీ ఐరిస్ జాతి కాదు. మన వాతావరణానికి ఇబ్బంది లేకుండా పెరుగుతాయి. నీడ ఎక్కువున్న గల్లీ ఇళ్లకు నడిచే ఐరిస్ బాగుంటుంది. డబ్బు పెట్టేముందు ఏది కొంటున్నామో పేరు అడిగి తెలుసుకోండి.

ఆకు అచ్చం ఐరిస్, మొక్క మన వస

ఐరోపా చెరువుల్లో పెరిగే పసుపు రంగు ఐరిస్ ఒకటుంది, దాని శాస్త్రీయ నామం సూడాకోరస్. అకోరస్ కానిది, అంటే నకిలీ వస అని అర్థం. అకోరస్ అంటే మన వసే. రెండింటి ఆకులూ అంతలా పోలి ఉంటాయి. ఎక్కువ మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అంటాం కదా, మాటలు తొందరగా వస్తాయని పసిపిల్లలకు రంగరించి పెట్టే ఆ వసకొమ్ము ఇదే.

గుర్తుపట్టడం తేలిక. ఆకు నలిపి వాసన చూడండి. వస ఘాటుగా, తియ్యటి మందు వాసన వేస్తుంది. ఐరిస్ ఆకుకు ఆ వాసన ఉండదు. వస ఆకుకు నిలువునా ఉబ్బిన ఈనె ఉంటుంది. పువ్వు అయితే వేలంత కంకిలాగా ఆకు పక్క నుంచి పుట్టినట్టు ఉంటుంది, రేకుల అందం ఏమీ ఉండదు. శాస్త్రవేత్తల లెక్కలో వస ఐరిస్‌కు చుట్టమే కాదు. వరి, కొబ్బరి, ఉల్లి, ఐరిస్ వంటి ఏకదళ బీజ మొక్కలన్నిటికంటే ముందే విడిపోయిన పురాతన కొమ్మ అది.

ఎకరంలో ఏదైనా వేద్దాం అని అడిగిన రైతులకు నేను చెప్పేది వస గురించే. కర్ణాటకలో తుమకూరు జిల్లా రైతులు దీన్ని సాగు చేస్తున్నారు. వరి మడిలాగా దమ్ము చేసి, అడుగు దూరంలో కొమ్ము ముక్కలు వానాకాలం మొదట్లో నాటితే ఏడాదికి తవ్వొచ్చు. నీళ్లు నిలిచి వరి సరిగా రాని మూలలు, బావి పక్క బురద, చెరువు కింది ఊట నేలలు దీనికి పనికొస్తాయి. ముందు పది గుంటల లోపలే వేసి, బేగంబజార్ వంటి టోకు మార్కెట్‌లో ధర స్వయంగా అడిగి, తర్వాత పెంచుకోండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో హాని కనిపించడంతో అమెరికా 1968లో దీన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. కాబట్టి పసిపిల్లలకు ఇంట్లో వస రంగరించి పెట్టే అలవాటును వైద్యుణ్ణి అడగకుండా కొనసాగించొద్దు. అదే గుణం నిల్వ పురుగుల మీద మాత్రం మనకు పనికొస్తుంది. విత్తనం కోసం దాచే పెసర, కందుల్లో వస పొడి కలిపితే పురుగు తగ్గుతుంది. అది విత్తనానికే, తినే గింజల్లో కలపొద్దు.

ఇంకో మాట. పాత వైద్య గ్రంథాల్లో వసలో తెల్లటి రకాన్ని హైమవతి, పారసీక వచ అని చెబుతారు. అది ఏ మొక్క అన్నదాని మీద పండితులకు వేర్వేరు అభిప్రాయాలున్నాయి, కొందరు ఐరిస్ కొమ్మే అంటారు. అంటే అంగట్లో వస అడిగితే ఐరిస్, ఐరిస్ అడిగితే వస వచ్చే అవకాశం ఉంది. మందు కోసం కొనేవాళ్లు వాసన చూసుకొని, తెలిసిన హకీం గానీ ఆయుర్వేద వైద్యుడు గానీ చెబితేనే వాడాలి.

కొనేముందు, పెంచేటప్పుడు

విదేశీ వెబ్‌సైట్లలో కొమ్ములు చూసి కొరియర్‌లో తెప్పించుకోవద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మొక్కలు, నాటే గడ్డలు దిగుమతి చేసుకోవాలంటే ముందుగా అనుమతి, ఆ దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. మట్టి అంటుకున్న ఒక్క కొమ్ముతో వచ్చే రోగం మన అల్లం, పసుపు మడుల్లోకి పోతే దాన్ని ఎవరూ ఆపలేరు. మన దేశంలోనే పెంచిన పిలకలు, విత్తనాలు వెతుక్కోండి.

సూడాకోరస్ పసుపు ఐరిస్‌ను చెరువుల్లో, కాలువల పక్కన పెట్టొద్దు. అమెరికాలో అది కాలువలను ఆక్రమించే కలుపు అయ్యింది. గుర్రపుడెక్కతో మనం పడుతున్న పాట్లు చాలు.

అడవిలో నాభి దుంపలు, చెరువు గట్టున వస కొమ్ములు మొత్తం పెకలించి తేవొద్దు. ఒక గుంపులో ఒక్క ముక్క తెచ్చుకొని మన మడిలో పెంచుకుంటే అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. నాభి దుంప, గింజ రెండూ ప్రాణాంతక విషం, పిల్లలున్న ఇంట్లో పెట్టొద్దు.

ఐరిస్ కొమ్ములు, ఆకులు తిన్నా వాంతులు, విరేచనాలు అవుతాయి. పాతబస్తీ ఇళ్లలో మిద్దె మీదనే మేకలు, పొట్టేళ్లు కట్టేస్తుంటారు, బక్రీదు ముందు మరీ ఎక్కువ. కుండీలు వాటికి అందకుండా చూసుకోండి.

ఈ ఏడాదికి మీరు చేయాల్సింది ఇంతే. మృగశిరకు చుక్కల ఐరిస్ పిలకలు గానీ గింజలు గానీ రెండు కుండీల్లో పెట్టండి. నీళ్లు నిలిచే మూల ఉంటే పది వసకొమ్ములు నాటండి. స్వాతి కార్తెకు లూసియానా రకం దొరికితే ఒక గోలెం సిద్ధం చేయండి. వచ్చే వానాకాలం చివర మూడింటినీ తవ్వి కొమ్ము పట్టుకొని చూడండి. గట్టిగా, బరువుగా ఉండి పక్కన కొత్త కళ్లు వేసి ఉంటే అది మీ నేలకు ఒప్పుకున్నట్టు. మెత్తబడితే దాని జోలికి మళ్లీ పోవద్దు, ఫొటో ఎంత అందంగా ఉన్నా సరే.